మార్తమ్మ టీచర్ లేవని ఆదివారం

నల్ల ద్రాక్షలు ఉడుకుతున్న వాసన ఇల్లంతా నిండింది. పొద్దున్నే మోండా మార్కెట్‌లో ఏరి తెచ్చిన పండ్లవి. రేపు మా చర్చిలో సంస్కారపు ఆదివారం, అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్లకు రసం కాచే పని ఇప్పుడు నాది. ఈ వాసన తగిలితే చాలు, నాకు కాలు ఒకచోట నిలవదు. స్టవ్ దగ్గరికి, కిటికీ దగ్గరికి, మళ్ళీ స్టవ్ దగ్గరికి. ఈ పని నేర్పిన మార్తమ్మ టీచర్ పోయి చాన్నాళ్ళయింది గానీ, గరిటె పట్టుకుంటే ఆవిడ వెనకే నిలబడి ఉన్నట్టుంటుంది.

బన్సీలాల్‌పేట్‌లో ఆవిడది మా పక్కిల్లే. సండే స్కూల్లో మా అందరికీ టీచర్. గంజి పెట్టిన తెల్లచీర, ఆ చీరకంటే బిగుసుకున్న ముఖం. వీధి చివర ఆవిడ గొడుగు కనబడితే ఆట ఆపి వాక్యాలు వల్లించుకునేవాళ్ళం. రసం కాచే శనివారాల్లో సాయానికి నన్ను పిలిచేది. ఒకసారి నేనూ మా అక్కా రిబ్బను కోసం కొట్టుకుని మాటలు మానేశాం. సంగతి తెలిసి ఆవిడ నా చేతిలోంచి గరిటె లాక్కుంది.

"అక్కతోని మాట్లాడకుండ ఈ గిన్నె ముట్టొద్దు. పో, మాట్లాడి రా."

ఏడుస్తూ వెళ్ళి మాట్లాడి వచ్చాను. మా చర్చిలో పద్ధతే అది, మనసులో పగ ఉంటే బల్ల దగ్గరికి వెళ్ళకూడదు. పద్ధతి గొప్పదే. కానీ వరుస వరుసంతా లేచి ముందుకెళ్ళి మోకరిస్తుంటే ఒక్క మనిషి బెంచీలో మిగిలిందనుకోండి, మధ్యాహ్నం అన్నం వండేలోపు నాలుగు వీధుల్లో నాలుగు కారణాలు పుట్టేవి. అందుకని అందరం లేచేవాళ్ళం. పగలతో సహా లేచేవాళ్ళం.

నేను కాలేజీలో చేరిన ఏడు, ఒక సంస్కారపు ఆదివారం, మార్తమ్మ టీచర్ లేవలేదు. తాను కాచిన రసం, తాను పరిచిన తెల్లగుడ్డ ఎదురుగా ఉన్నాయి. చర్చంతా మెడలు తిప్పింది. పాస్టరు అయ్యగారు కంగారుగా దిగి వచ్చారు.

"ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"ఒంట్ల మంచిగనే ఉన్న అయ్యగారూ." గొంతు తగ్గించలేదు. "అమ్మ సావుకు రాలేదని మా చెల్లెతోని మాట్లాడక ఏండ్లయింది. క్షమించిన్నని ఈడనే నిలబడి సాక్ష్యం చెప్పిన. అబద్ధం. నిన్న దాని మొగుడు దవాఖానల పడ్డడని తెలిసింది. నాకు సంతోషమైంది. గా సంతోషంతోనే రసం కాచిన."

ఎవరో దగ్గారు. అయ్యగారు గొంతు తగ్గించి, "ఇవన్నీ తర్వాత లోపల మాట్లాడుకుందాం" అన్నారు.

"ఇన్నేండ్లు లోపలనే పెట్టుకున్న. జెర బయటికి రానియ్యుండ్రి."

సండే స్కూలు ఆవిడ నుంచి తీసేసుకున్నారు. రసం గిన్నె కూడా. ఆవిడ మీద అందరికంటే నాకే ఎక్కువ మండింది. నేరుగా వాళ్ళింటికి వెళ్ళి అడిగేశాను.

"రిబ్బను కొట్లాటకు నన్ను తరిమిన్రు గదా. మరి మీరు?"

మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆవిడ తలెత్తలేదు. "నీకు చెప్పుడు అల్కగ ఉండె బిడ్డా, చేసుడే కష్టం. కోపం పోయింది, పోయింది అని చెప్పీ చెప్పీ నేనే నమ్మిన."

ఆ తర్వాత ప్రతి బుధవారం తిరుమలగిరిలో చెల్లెలింటికి బస్సెక్కడం షురూ చేసింది. మొదట్లో తలుపే తీయలేదట. కొన్నాళ్ళకు చాయ్ ఇచ్చిందట. ఇద్దరూ కావలించుకుని ఏడ్చారని రాయాలని నాకూ ఉంది గానీ, అలాంటిదేమీ జరగలేదు. "ఇయ్యాల సుత కోపమే వచ్చింది. మల్ల పోత" అనేది, చెప్పులు విడుస్తూ. అలా తిరిగి తిరిగి, ఒక ఆదివారం లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. బయటికి రాగానే పట్టుకున్నాను.

"అయితే కోపం పోయిందా టీచర్?"

"యాడ పోయింది? పోలేదని ప్రభువుకు చెప్పి తీస్కున్న."

ఆ మాట నాకప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం ఈమధ్య ముల్లులా గుచ్చుతోంది. చర్చి స్త్రీల సమాజానికి ఇప్పుడు నేనే పెద్దను. ప్రార్థన అంటే అందరూ నా వైపే చూస్తారు. నేను గడగడా చేస్తాను, వాళ్ళు ఆమెన్‌లు కురిపిస్తారు. మా ఆయన పోయిన దగ్గర్నుంచి ఇంట్లో ఒంటరిగా మోకరిస్తే మాత్రం ఒక్క మాట రాదు. దేవుడి మీద అలకో, అసలు వింటున్నాడా అన్న అనుమానమో నాకే తెలియదు. బయటికి చెబితే ఇన్నేళ్ళ గౌరవం పోతుందని భయం, చెప్పకపోతే నిద్ర పట్టదు.

ఇందాక సమాజం సెక్రటరీ ప్రమీల ఫోన్ చేసింది. "అక్కా, రేపు బల్ల ముందట ప్రార్థన నువ్వే చెయ్యాలె. నీ లెక్క మాకెవ్వరికి రాదు."

ఎప్పటిలాగే సరే అనబోయాను. గిన్నెలో రసం పొంగుకొచ్చింది. గరిటె అందుకున్నాను.

"నాకు సుత వస్తలేదు ప్రమీలా."

"ఏందక్కా?"

"మీ బావ పోయినకాడికెల్లి ప్రార్థన చేస్తలేను. చేసినట్టు మాట్లాడుతున్న, గంతే. రేపు అందరి ముందట గదే చెప్త. నాకోసం మీరే చెయ్యుండ్రి."

జవాబు కోసం ఆగకుండా ఫోన్ పెట్టేసి స్టవ్ తగ్గించాను. రేపటి మెడలన్నీ ఇప్పుడే నా వైపు తిరిగినట్టుంది.

"భయమైతుంది ప్రభువా" అన్నాను, గరిటె పట్టుకునే. మా ఆయన పోయాక ఈ ఇంట్లో నేను చేసిన మొదటి ప్రార్థన అదే.