ఊట కాదక్కా, వోర్ట్

2021 ఎండాకాలం. దుబాయ్ కరామాలో, మెట్రోకి దగ్గరగా ఉన్న ఒక పాత బిల్డింగ్. మూడో అంతస్తులో కిషోర్ సార్, శిరీష మేడమ్ వాళ్ల ఫ్లాట్. నేను వాళ్లింట్లోనే ఉండి పనిచేసేదాన్ని. వంట, బట్టలు, నాలుగేళ్ల పాప. వంటగది పక్కన సామాన్ల గది నాకిచ్చారు. దానికి కిటికీ లేదు, ఏసీ లేదు. తలుపు తీసి పెట్టుకుంటే హాల్లో చల్లదనం కాస్త వచ్చేది.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఇళ్ల పని గురించి ఏదైనా రాయమని మా క్లాసు టీచర్ అంటే ముందు ఈ ఇల్లే గుర్తొచ్చింది.

సార్‌ది ఒక కట్టుబడి కంపెనీలో ఉద్యోగం. కరోనా వచ్చాక ఇంట్లోంచే పని. మేడమ్ ఒక క్లినిక్‌లో లెక్కలు చూసేది. పొద్దున్నే పాపని నర్సరీలో దింపి వెళ్తే సాయంత్రానికి పాపతో కలిసి వచ్చేది. పగలంతా ఇంట్లో సార్, నేను.

ఇళ్ల పనిలో ఎవరూ చెప్పకుండానే కొన్ని తెలిసిపోతాయి. వీడియో మీటింగ్ ఉన్న రోజు సార్ ఇస్త్రీ చొక్కా అడిగేవాడు, కింద లుంగీ ఉన్నా సరే. కొన్నాళ్లుగా అడగడం మానేశాడు. మేడమ్ వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. లిఫ్ట్ దిగిన చప్పుడు వినగానే మూసేసేవాడు. ఉద్యోగం పోయిందని నాకు అర్థమైంది. మేడమ్‌కి చెప్పలేదనీ అర్థమైంది. నేను నోరెత్తలేదు. ఒకరి మాట ఇంకొకరికి మోస్తే ఆ ఇంట్లో మన పని ఖలాస్.

కానీ నా వీసా ఆయన పేరు మీద ఉంది. అలా ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే మనకి కఫీల్, అంటే పూచీ. ఉద్యోగం పోతే ఆయన వీసా కూడా తీసేస్తారు, దానికంటే ముందు ఆయన కింద ఉన్న మా వీసాలు తీసేయాలి. నేను ఇంకో ఇంటికి మారాలంటే ఆయన రిలీజ్ ఇవ్వాలి, అంటే సరేనని సంతకం పెట్టాలి. మేడమ్ జీతం మీద పనిమనిషి వీసా రాదు. నా వయసులో ఇంటికి వెళ్లిపోతే మళ్లీ వీసా దొరకదు. ఊళ్లో మా చెల్లికి డయాలసిస్. నేను పంపితేనే ఆసుపత్రికి వెళ్తుంది. సత్వాలో ఒక తమిళ మేడమ్‌కి మనిషి కావాలి. నన్ను చూసింది, నచ్చానంది. "గురువారం లోపల రిలీజ్ తెచ్చుకో, లేదంటే వేరేవాళ్లని చూసుకుంటా" అంది.

సరిగ్గా అప్పుడే సార్‌కి బీరు పిచ్చి పట్టింది.

పై అంతస్తులో ఉండే తెల్లాయన దేశం వదిలి వెళ్లిపోతూ సార్‌కి ఒక బస్తా గింజలు, పెద్ద బకెట్, గుడ్డ సంచి, రెండు మూడు పొట్లాలు ఇచ్చాడు. డబ్బాలో దొరికే పాకంతో బీరు చేయడం తేలికట. గింజల నుంచే మొదలుపెడితే దాన్ని ఆల్ గ్రెయిన్ అంటారట. సార్‌కి అదే చేయాలని. మాల్ట్ అంటే నాకు తెలిసింది పిల్లలకి కాచే రాగి మాల్టే. "ఇది బార్లీ అక్కా, మొలకెత్తించి ఆరబెట్టింది" అన్నాడు. పొట్టు పగలాలి, పిండి కాకూడదట. మిక్సీ వద్దన్నాడు. చపాతీ కర్రతో నలిపాను. భుజాలు పడిపోయాయి.

"పోలీసులొస్తే ఎలా సార్?"

"మనం అమ్మట్లేదు కదా."

"మీకు ఫైన్ వేస్తారు. నాకు విమానం టికెట్ వేస్తారు."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అప్పట్లో ఇక్కడ ఆదివారం పనిరోజే. మేడమ్ అటు వెళ్లగానే సార్ బిర్యానీ గిన్నె పొయ్యి మీద పెట్టాడు. నీళ్లు మరగకూడదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే చాలు. గుడ్డ సంచిని గిన్నెలోకి దించి, అందులో నలిపిన బార్లీ పోసి కలిపాం. దీన్ని మాష్ అంటారు. వేడి తగ్గకుండా గిన్నెకి దుప్పటి చుట్టాలన్నాడు. చుట్టింది నా దుప్పటే. గంట తర్వాత తీస్తే నీళ్లు తేనె రంగుకొచ్చాయి. వేలు ముంచి నాకాను, తియ్యగా ఉంది.

"మా వైపు సారాకి బెల్లం ఊట వేస్తారు సార్. అదే కదా ఇది?"

"ఊట కాదక్కా, వోర్ట్!" అన్నాడు ఉక్రోషంగా. ఆ తియ్యటి నీళ్లకి ఇంగ్లీషు పేరట అది.

"పేరులో కూడా పెద్ద తేడా లేదు."

ఇక సంచి పైకెత్తాలి. తడిసిన బార్లీ, పసిబిడ్డ కంటే బరువు. కట్టడానికి కొక్కెం లేదు. చెరో పక్కా పట్టుకుని గిన్నె మీద ఎత్తి నిలబడ్డాం. చుక్కా చుక్కా కారుతోంది. పిండకూడదట, వగరొస్తుందట. అదంతా కారే దాకా ఆయన ఎక్కడికీ పోలేడు. అడగడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది.

"సార్, నాకు రిలీజ్ కావాలి."

"అక్కా, సంచి జాగ్రత్త."

"నేను పట్టుకునే ఉన్నా. మీరూ పట్టుకోండి. గురువారం లోపల కావాలి."

"ఇప్పుడెందుకు? ఇక్కడ ఏం తక్కువైంది?"

"ఇస్త్రీ తక్కువైంది సార్."

ఆయన ముఖం ఆవిరికి ఎర్రబడిందో, మాటకో.

"శిరీషకి చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను? నా కాగితం నాకివ్వండి చాలు."

"నిన్ను పంపిస్తే ఎందుకని అడుగుతుంది కదక్కా. అప్పుడు మొత్తం చెప్పాలి." సంచి మూతి ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు. "ఇదొక్కటి పూర్తి కానీ. ఒక్క పనైనా మొదలుపెట్టి పూర్తి చేశాననిపించుకుని, అప్పుడు చెప్తా."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"నాలుగు వారాలు."

"మా చెల్లి నాలుగు వారాలు ఆగదు సార్."

సంచి దించి పడేశాం. తర్వాత హాప్స్ అనే చేదు గుళికలు వేసి గంట మరిగించాడు, స్నానాల తొట్టిలో ఐసు పోసి చల్లార్చాడు, ఈస్ట్ చల్లి బకెట్‌కి మూత పెట్టాడు. మూత మీద నీళ్లున్న చిన్న గొట్టం. దాన్ని ఎయిర్‌లాక్ అంటారు, లోపలి గాలి దాంట్లోంచి బుడగలుగా పోతుంది. బకెట్ నా గదిలో పెట్టాడు, మేడమ్ అక్కడికి రాదు కాబట్టి. ఈస్ట్‌కి ఉక్క పడదని ఒక ఫ్యాన్ కూడా తెచ్చి పెట్టాడు. నేను ఆ గదిలో పడుకోబట్టి మూడో ఏడు.

సాయంత్రం మేడమ్ రాగానే ముక్కు మూసుకుంది. "ఏంటీ వాసన?"

"మంగక్క బార్లీ కాచింది, పాపకి" అన్నాడు సార్, నా వైపు చూడకుండా.

"ఏం బార్లీ మంగక్కా, ఇల్లంతా గుడిసెల వాసన" అంది మేడమ్. నేను గిన్నెలు తోముకుంటూ ఉండిపోయాను.

సోమవారం అడిగాను, రేపన్నాడు. మంగళవారం అడిగాను, తలనొప్పన్నాడు. నా మంచం పక్కన బకెట్ గుడగుడమంటూనే ఉంది. బుధవారం మేడమ్ వచ్చే ముందు రెండు చేతులా ఆ బకెట్ ఎత్తి, హాల్లో టీవీ ముందు పెట్టాను. సార్ సోఫాలోంచి లేచాడు.

"అక్కా, ఏంటిది? లోపల పెట్టు!"

"నా గది ఇరుకు సార్."

ఆయన ఎత్తబోయేలోగా తలుపు తెరుచుకుంది. మేడమ్ చెప్పులు కూడా విప్పలేదు.

"ఇదేంటి మంగక్కా?"

"సార్‌ని అడగండి మేడమ్."

"బీరు" అన్నాడు సార్. "ఇంట్లో చేశా. గింజల నుంచి."

ఆమె వంగి బుడగలు చూసింది. కోప్పడలేదు. నవ్వబోయింది కూడా. "గింజల నుంచా? దానికి రోజంతా పడుతుంది కదా? మా క్లినిక్‌లో డాక్టర్ చెప్తుంటాడు." మూత మీద చెయ్యి ఆనించి సార్ వైపు తిరిగింది. "ఏ రోజు చేశావ్ కిషోర్? నీకు మీటింగులు లేవా?"

నేను పాపని తీసుకుని వంటగదిలోకి వెళ్లి తలుపు వేశాను. పాపకి పెరుగన్నం కలిపి పెట్టాను. బయట చాలాసేపు మేడమ్ గొంతే వినబడింది, తర్వాత ఇద్దరివీ, తర్వాత ఎవరిదీ లేదు.

గురువారం పొద్దున మేడమే సార్‌ని టైపింగ్ సెంటర్‌కి లాక్కెళ్లింది. వీసా కాగితాలన్నీ టైపు చేసి పంపేది అక్కడే. మధ్యాహ్నానికి నా రిలీజ్ చేతిలో పెట్టింది. "నీకు ముందే తెలుసు కదా?" అంది. తెలుసన్నాను. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నేను సత్వాకి వెళ్లేటప్పుడు గుమ్మం దాకా రాలేదు. సార్ మాత్రం నా పెట్టె లిఫ్ట్ దాకా మోశాడు.

కొన్ని నెలలకి ఆయనే ఫోన్ చేశాడు. షార్జాలో చిన్న ఉద్యోగం దొరికిందట, మేడమ్ కూడా కుదుటపడిందట. హాల్లో పాప ఊరికే మూత తీస్తూంటే బీరు పుల్లబడి పారబోశారట. "నీ గదిలోనే ఉంచాల్సిందక్కా" అన్నాడు. హాస్యానికే అన్నాడు. నేను మా చెల్లి బాగుందని చెప్పి పెట్టేశాను.

మేడమ్ కోపం న్యాయమేనా అని చాలాసార్లు ఆలోచించాను. తెలిసీ చెప్పలేదని ఆమెకి కోపం. చెప్పకుండా చెప్పానని సార్‌కి ఉండే ఉంటుంది. ఇళ్లలో పనిచేసేవాళ్లకి ఇద్దరి దగ్గరా మంచి అనిపించుకునే దారి దొరకదు, అప్పుడప్పుడు ఒకరి దగ్గరైనా దొరకదు. అంట్లు, బట్టలు, పిల్లలు, వీటికే ఒళ్లు అలిసిపోతుంది. వాళ్ల దాపరికాలు కూడా మోసే ఓపిక నాకు లేదు. అందుకే ఇప్పుడు ఏ ఇంట్లో చేరినా మొదటి రోజే ఒక మాట చెప్పేస్తాను: ఎంత పనైనా చేస్తాను, నా గదిలో మాత్రం నా సామానే ఉంటుంది. చాలామంది ఎందుకని కూడా అడగరు, సరేనంటారు. ఒక మేడమ్ మాత్రం నన్ను కాసేపు చూసి, నాకిచ్చిన గదిలోకి వెళ్లి, మంచం కింద నుంచి తనది ఒక సూట్‌కేసు లాక్కుపోయింది.