భీముడి కోసం వరహాలు రాసిన అప్పీలు

“సనదు లేనివాడివి. నీకీ గదిలో ఏం పని?”

1927 వేసవి మొదట్లో, పట్నంలోని ఒక వైద్య పాఠశాల సూపరింటెండెంటు కిల్లో వరహాలుని అడిగిన మాట ఇది. సనదు అంటే ప్లీడరుగా వాదించడానికి సర్కారు ఇచ్చే అనుమతి కాగితం. వరహాలు దగ్గర అది లేదు. కూర్చోమని ఎవరూ అనలేదు గనక నిలబడే జవాబు చెప్పాడు.

“సనదు లేదండి. మీ పాఠశాల రూల్సు పుస్తకం ఉంది. పొద్దున్నే మీ గుమస్తా గారి దగ్గర కొన్నాను.”

కొండవాళ్ల అమాయకత్వం మీద, అడవితల్లి ఒడి మీద పేజీలు నింపే పెద్దమనుషులు మనకి తక్కువేం లేరు. వరహాలు వాళ్లకి పనికొచ్చే మనిషి కాడు. అరకు పక్క కొండదొర తెగలో పుట్టాడు. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివి, దిగువ కోర్టులో సమన్లు మోసే జవానుగా చేరాడు. ఆ తరువాత ఘాటు కింది ఊళ్లో ఒక ప్లీడరు దగ్గర తొమ్మిదేళ్లు గుమస్తాగిరీ చేశాడు. ప్లీడరు పోయాక రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని కొండెక్కాడు. శుక్రవారం సంతలో ఉప్పు అమ్మేవాళ్ల వరస పక్కన ఆ పెట్టె బోర్లించి దాని మీద అర్జీలు రాసేవాడు. పోడు తగాదాలు, అడవి గార్డుల జులుం, పెళ్లి తెగతెంపులు, ఏదైనా సరే.

అతని పద్ధతి ఒకటి ఉండేది. ఎవరొచ్చినా జరిగినదాన్ని చివరి నుంచి మొదటికి చెప్పమనేవాడు. అబద్ధమాడేవాడు వెనక్కి నడవలేడని అతని నమ్మకం. పనసపుట్టు భీముడు వచ్చినప్పుడూ అదే చేయించాడు.

భీముడికి ఇరవై రెండేళ్లు. కొర్రా వాళ్ల అబ్బాయి. పట్నంలో ఎల్.ఎం.పి. డాక్టరీ మూడో ఏడు చదువుతూండగా వైద్య పాఠశాల వాళ్లు అతని పేరు కొట్టేశారు. అప్పీలు చేసుకోవడానికి ముప్ఫై రోజులు గడువు. అది దాటితే మరి ఏ వైద్య పాఠశాల గుమ్మమూ ఎక్కడానికి వీల్లేదు. వారం రోజులు ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుని, ఎనిమిదో రోజున సంతకి వచ్చాడు.

“సివర్నించి సెప్పు,” అన్నాడు వరహాలు.

“గేటు కాడ జవాను నా పెట్టె బయట పెట్టేసినాడు, మావా.”

“దానికి ముందు?”

“గుమస్తా కాయితం మీద సంతకం పెట్టమన్నాడు. పెట్టినాను.”

“దానికి ముందు?”

“డబ్బు తీసి లోపల పెట్టు అని పెద్ద డాక్టరు గారు కేకలేసినారు.”

“డబ్బేటి? ఎవడి డబ్బు?”

“నాదే. తప్పు కట్టడానికి తీసినాను. మూడు రూపాయలు. ఎంత కట్టాలండీ అని అడిగినాను.”

వరహాలు కలం కింద పెట్టేశాడు. “ఒరే గుంటడా! మూడేళ్లు మనిషిని కోసి లోపలేటున్నాదో సదివినావు. ఎదర కుర్సీలో కూసున్నోడి లోపలేటున్నాదో సూడనేదేటిరా?”

సంగతి ఇది. మాఘంలో పది రోజుల సెలవు మీద భీముడు ఇంటికొచ్చాడు. అప్పుడే ఊళ్లో రెండిళ్లలో అమ్మవారు పోసింది, అంటే మశూచి. వెంటనే ఊరు కట్టేశారు. దార్లన్నిటికీ ముళ్లకంపలు అడ్డం వేశారు. పూజారి కంప తీసేదాకా మనిషి లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు. ఉత్తరం కూడా పోకూడదు. ఇరవై మూడు రోజులు భీముడు కంప లోపలే ఉండిపోయాడు. పాఠశాలకి వెళ్లేసరికి రెండు వారాలు ఆలస్యం. పెద్ద డాక్టరు, అంటే సూపరింటెండెంటు, ఎందుకు రాలేదని అడగలేదు. “ఇది తప్పా, కాదా?” అని అడిగాడు.

కొండల్లో ఆ ప్రశ్నకి ఒకటే జవాబు. కుల పెద్దల ముందు నిలబెడితే, తప్పే అనేసి కూర్చోవాలి. పెద్దలు మేకనో, కుండ కల్లునో, రెండు రూపాయలనో తేలుస్తారు. కట్టేస్తే అందరూ కలిసి తింటారు. అంతటితో సరి, ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తరు. వాదించేవాడికి రెట్టింపు. భీముడు చిన్నప్పటినుంచీ చూసిన న్యాయం అది. అందుకని తప్పే అన్నాడు, మొలలోంచి డబ్బు తీశాడు, ఎంత కట్టాలని అడిగాడు. డిస్మిస్ ఉత్తర్వులో రెండు కారణాలు చేరాయి. ఒకటి, సెలవు లేకుండా రాకపోవడం, స్వయంగా ఒప్పుకున్నాడు. రెండు, అధికారికి లంచం ఇవ్వజూపడం.

ఇంకొకడైతే కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి కాళ్లు పట్టించేవాడు. పాఠశాల గుమస్తా సర్వేశ్వరరావు ఇచ్చిన సలహా కూడా అదే. వరహాలు ఆయన దగ్గర ఉత్తర్వు నకలు, రూల్సు పుస్తకం తీసుకుని, భీముణ్ణి వరండాలో కూర్చోబెట్టి తను లోపలికి వెళ్లాడు. సనదు ప్రశ్న అప్పుడు వచ్చింది.

“ఒప్పుకుని సంతకం పెట్టాడు. ఇంకా ఏం వాదిస్తావు?” అన్నాడు సూపరింటెండెంటు.

“నేరం కాగితం మీద రాసిచ్చి, జవాబు కాగితం మీద పుచ్చుకోవాలని పదకొండో రూలండి. రాసివ్వలేదు.”

“లంచం ఇవ్వబోయాడు!”

“తలుపు తీసి ఉందండి. ఇద్దరు గుమస్తాలున్నారు, జవానున్నాడు. లంచమిచ్చేవాడు ముందు తలుపేస్తాడు.”

వెనక కూర్చున్న సర్వేశ్వరరావు దగ్గు వచ్చినట్టు చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఇరవై ఆరో రూలు కూడా చూడండి,” అన్నాడు వరహాలు. “మశూచి ఉన్న చోటినుంచి వచ్చే విద్యార్థి జబ్బు పోయేదాకా తరగతిలోకి రాకూడదని మీరే రాసుకున్నారు. వాడు రాలేదు.”

సూపరింటెండెంటు ఆ పేజీ చదివి పుస్తకం మూసేశాడు. “మశూచి వచ్చిందని ఎవడు చెప్పాడు? ఆ ఏజెన్సీ నుంచి ఈ ఏడాది మశూచి రిపోర్టే లేదు. సర్కారు ముద్ర ఉన్న కాగితం తెచ్చుకుని అప్పీలు పెట్టుకో. గడువు పద్నాలుగు రోజులుంది.”

ఆ మాట అన్యాయమేమీ కాదు. రిపోర్టు లేదు, నిజమే. మశూచి వస్తే ఊరి పెద్ద, అంటే నాయుడు, తాలూకా కచేరీకి కబురు పెట్టాలి. పనసపుట్టు మంగ్లు నాయుడు పెట్టలేదు. పెడితే టీకాలవాళ్లు వస్తారు, వెనకాల పోలీసులు వస్తారు. సర్కారు మీద మన్యంలో లేచిన పితూరీ అణిగి మూడేళ్లే అయింది. ఖాకీ గుడ్డ కనిపిస్తే ఊరు ఊరంతా అడవిలోకి పరిగెత్తే రోజులు. భీముడి చదువు నిలవాలంటే ఇప్పుడు నాయుడు తహసీల్దారు ముందుకెళ్లి, జబ్బు దాచానని తన నోటితో చెప్పాలి.

వరహాలు కాలినడకన పనసపుట్టు చేరి, కుల పెద్దల్ని కూర్చోబెట్టాడు. మంగ్లు నాయుడు ముందే అడ్డం తిరిగాడు.

“గుంటడు సదువు కోసం నాను జైలుకెల్లాలేటి? పైగా ఇటుకల పండగ వొచ్చేసినాది. వేటకెల్లాల.”

“వేటకా!” భీముడి తల్లి దేముడమ్మ ఆడవాళ్ల వరసలోంచి లేచింది. “నిరుడు మూడ్రోజులు తిరిగి పిట్ట కూడా తేనేదు. మేం పేడ నీళ్లు పోస్తే ఎటు పారిపోనావో మర్సిపోనావేటి, నాయుడు?”

ఇటుకల పండగ వేట నుంచి ఖాళీ చేతుల్తో వచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడ నీళ్లు పోయడం అక్కడి ఆచారం. ఆడవాళ్లంతా నవ్వారు. నాయుడు చుట్ట ఆర్పేసి, “నువ్వు కూకో వొదినా,” అన్నాడు.

వరహాలు జాలి కథలు చెప్పలేదు. కుర్రాడు డాక్టరయితే కొండలకి వెలుగొస్తుందనీ అనలేదు. పెద్దలకి పెద్దల భాషలోనే అడిగాడు.

“నాయుడు మావా, నానొక తగువు ఎడతాను. ఊరు కట్టింది ఎవులు?”

“మేమే.”

“కంప దాటుతానని భీముడు అడిగినాడా?”

“రెండుసార్లు అడిగినాడు. పూజారి కొడతానన్నాడు.”

“అయితే ఆడు ఎల్లకపోడం ఎవులి తప్పు?”

పూజారి నేల చూశాడు.

“తప్పు ఊరిది. ఆడు ఆడిది కాని తప్పు ఒప్పేసుకుని సదువు పోగొట్టుకున్నాడు. ఊరు తప్పు ఊరు కట్టుకోవాల. మేక నాకొద్దు. కచేరీలో మాట సెప్పడమే తప్పు.”

నాయుడు వేళ్లు విరుచుకున్నాడు. “జుల్మానా ఏస్తే?”

“ఏస్తాడు. ఇంటింటికీ పంచుకోండి.”

“టీకాలోళ్లు?”

“ఆళ్లూ వొస్తారు. రారని నాను అబద్దం సెప్పను.”

సాయంత్రందాకా వాదించుకున్నారు. చివరికి పూజారే తేల్చాడు. కంప వేయించింది తను గనక నాయుడి వెంట తనూ వస్తానన్నాడు. మర్నాడే ఇద్దరూ వరహాలుతో కలిసి కచేరీకి నడిచారు. తహసీల్దారు ముందు నాయుడు మొదట తప్పే అన్నాడు, అలవాటు కొద్దీ. వరహాలు పక్కనుంచి, “అదొక్కటే కాదు, ఏ రోజు కంప ఏసినారో, ఏ రోజు తీసినారో కూడా సెప్పు,” అన్నాడు. అంతా రాయించి, ముద్ర వేయించి, నకలు తీసుకున్నాడు. ఇంకో నకలు కూడా అడిగాడు. ఆరేళ్ల కిందట ఒక గట్టు తగాదాలో కొండవాళ్లు కట్టుకున్న తప్పుని అదే కచేరీ సరిగ్గా ఉందని ఒప్పుకున్న ఉత్తర్వు అది. భీముడు చూపిన మూడు రూపాయలు లంచం కాదనడానికి సర్కారు వారి దస్తూరీయే సాక్ష్యమైంది.

అప్పీలు మద్రాసులోని వైద్యశాఖకి రిజిస్టరు పోస్టులో వెళ్లేసరికి గడువు ఇంకా మూడు రోజులుంది. నాలుగు పేజీలు. అందులో “దయతో”, “బీదవాడు”, “కొండజాతి” అన్న మాటలు ఒక్కచోట కూడా లేవు. భీముడే అడిగాడట, “కాస్త బతిమాలుకుంటే బాగోదా, మావా?” అని.

“బతిమాలుకుంటే ఇచ్చినోడు మళ్లీ తీసుకోగలడు. రూలు పెకారం ఇస్తే తీసుకోలేడు. నోర్ముయ్యి.”

శ్రావణంలో జవాబు వచ్చింది. లంచం మాట కొట్టేశారు. డిస్మిస్ రద్దు చేశారు. పోయిన టర్ము మాత్రం మళ్లీ చదవాలన్నారు. గేటు దగ్గర జవాను ఈసారి పెట్టె అందుకుని లోపల పెట్టాడు.

దీన్ని శుభంగా ముగిసిన కథ అనుకుంటే పనసపుట్టు వాళ్లు ఒప్పుకోరు. జబ్బు దాచినందుకు నాయుడికి పది రూపాయలు జుల్మానా పడింది, ఇంటింటికీ పంచుకున్నారు. టీకాలవాళ్లు ఇద్దరు కానిస్టేబుళ్లతో వచ్చారు. సగం ఊరు రెండు రోజులు అడవిలో ఉంది. దేముడమ్మ ఒక్కతే మొదట చెయ్యి చాపి, “గుచ్చు, బేగి గుచ్చు. సేలో పనున్నాది,” అంది.

ఆ తరువాతి మాట వింత. భీముడి కేసు చూసి, దిగువ ఊళ్ల కుర్రాళ్లు కూడా వరహాలుని వెతుక్కుంటూ కొండెక్కారు. తాగుబోతు రిపోర్టు పడ్డవాడొకడు, పరీక్షలో పట్టుబడ్డవాడొకడు, సెలవు దాటినవాళ్లు ముగ్గురు. తాగానని ఒప్పుకున్నవాణ్ణి వరహాలు వెనక్కి పంపేశాడు. మిగతావాళ్లవి రాశాడు. అందులో రెండు నెగ్గాయి.

భీముడు 1929లో ప్యాసయ్యాడు. ఇప్పుడు ఘాటు కింద ఒక డిస్పెన్సరీలో జీతం తెచ్చుకుంటున్నాడు. వరహాలు ధర్మానికి రాయడు. ఆ అప్పీలుకి ఫీజు పన్నెండు రూపాయలని మొదటిరోజే చెప్పాడు. ఏడు ముట్టాయి. డాక్టరు గారి దగ్గర నుంచి ఐదు రూపాయలు ఇంకా రావాలి.