అవ్వ గొంతులోని తీపి

దొరికిందబ్బా! మా అవ్వ గొంతులో ఆ తీపి ఎక్కడిదో ఈ రోజు దొరికింది!

నాయన విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చున్నాను. ఆ ఎర్రమట్టి వాసనకే అవ్వ గుర్తొచ్చింది. మన ఈడు వాళ్లకు గుర్తుందా, కాయలు ఒలిచే ఆడవాళ్ల చేత ఆసాములు పాటలు పాడించేవాళ్లు? పాడే నోరు పప్పులు తినదని వాళ్ల ధీమా. "ఏమ్మే, పాట నిలిచిపోయిందే?" అని అరుగు మీది నుంచి అరిచేవాళ్లు. మా అవ్వకు ఆ అరుపుతో పనే లేదు, పాటంటే ఆమెకు ప్రాణం. ఆ కాయల రాశి దగ్గర ఆమె గొంతు గుండ్రంగా, తియ్యగా పలికేది. ఇంట్లో పాడమంటే మాత్రం అలా ఉండేది కాదు. "ఆడ పాడినట్ల ఈడ రాదులే" అని నవ్వేది. ఆమె పోయాక మేమంతా పాడి చూశాం, ఎవరికీ ఆ గొంతు రాలేదు.

ఈ రోజు నాలుగు పప్పులు బుగ్గన పెట్టుకుని, ఊరికే ఆమె పాట ఎత్తుకున్నాను. నాయన చేతిలో కాయ అలాగే ఆగిపోయింది.

"మాయమ్మ గొంతే గదా అది!"

నా ఉబ్బిన బుగ్గను చూశాడు. ఇద్దరికీ ఒక్కసారే అర్థమై పగలబడి నవ్వాం. ఆసామి ఎదురుగానే, అన్నేళ్లూ తింటూ పాడిందన్నమాట! నాయన కళ్లు తుడుచుకుని, పిడికెడు పప్పులు నా చేతిలో పోశాడు.

"నోటి నిండా పెట్టుకోని ఇంగోసారి పాడు పాపా."