నాన్న చేసిన నేల

ట్రిపుల్ జంప్ అంటే ఏమిటో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా అభిప్రాయాలకు మాత్రం లోటు లేదు. "అంత పిల్ల తొక్కుడుబిళ్ళ ఆడటానికి రైలెక్కి పోతోందంట" అని మా పెద్దమ్మ చేతిపంపు దగ్గర అందరి ముందూ అంటే నాకూ నవ్వొచ్చింది. ఆవిడ అన్నదాంట్లో మరీ తప్పేం లేదు. పరుగెత్తుకొచ్చి, చెక్క మీద ఎడమకాలు వేసి ఎగరాలి. మళ్ళీ ఆ ఎడమకాలి మీదే పడాలి. అక్కడినుంచి కుడికాలి మీదికి, కుడికాలి మీదినుంచి ఇసకలోకి. తొక్కుడుబిళ్ళతో తేడా ఏమిటంటే, ఇందులో మనిషి బరువుకు ఎన్నో రెట్లు ఒక్క కాలి మీద పడుతుంది. ఆ సంగతి మా డ్రిల్లు మాస్టారు చెప్పారు కూడా. నేనే పట్టించుకోలేదు. పదహారేళ్ళ వయసులో కాలు అరిగిపోతుందని ఎవరనుకుంటారు?

తొంభైల చివరి మాట ఇది. మాది గుంటూరుకి బస్సులో గంటన్నర దూరం. అంతా నల్లరేగడి. ఎండాకాలం పాదం దూరేంత నెర్రెలు విచ్చేది, వానాకాలం చెప్పులకు అతుక్కుని మనిషిని కదలనిచ్చేది కాదు. పత్తికీ మిరపకీ పనికొచ్చే నేలే గానీ పరుగుకి పనికొచ్చేది కాదు. మాస్టారు నా చేత దున్నిన దుక్కిలో ఒంటికాలి గెంతులు వేయించేవారు. మట్టి పిక్కల దాకా పట్టేది, నేను తిట్టుకుంటూ గెంతేదాన్ని. ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలని తర్వాత చాలాసార్లు అనిపించింది.

ఏడాది తిరక్కుండానే మాస్టారికి కనిగిరి వైపు బదిలీ అయింది. వెళ్ళేముందు మా ఇంటికొచ్చి, నేను రోజూ ఏం చెయ్యాలో ఒక నోటుబుక్కులో రాసిచ్చారు. నాన్నతో, "అమ్మాయి పరిగెత్తడానికి ఒక బాట చేయించండి. చదునుగా ఉండాలండి, ఎత్తుపల్లాలుంటే కాలు మడతపడుతుంది" అన్నారు. చదును గురించి చెప్పారు. మెత్తదనం గురించి చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని ఆయనకు తోచి ఉండదు.

చదునైన నేల చెయ్యడం మా నాన్నకి ఎవరూ నేర్పక్కర్లేదు. మిరపకాయలు ఆరబోసే కల్లం చెయ్యడంలో చుట్టుపక్కల ఆయన్ని మించినవాళ్ళు లేరు. గడ్డి చెక్కి, గరపమట్టి పరిచి, నీళ్ళు పెట్టి, నానాక దిమ్మిసతో కొట్టి, ఎడ్ల చేత రాతిగుండు లాగించి, పైన పేడనీళ్ళతో అలికేవాడు. ఆరాక గోరుతో నొక్కి చూసేవాడు. గోరు దిగితే మళ్ళీ మొదట్నుంచీ. మిరప రైతుకి మెత్తటి నేలంటే శత్రువు. కిందినుంచి చెమ్మ ఎక్కి కాయ రంగు పోతుంది, తాలు అయిపోతుంది. ఏడాది కష్టం నాలుగు రోజుల్లో పాడవుతుంది. అందుకని నేల ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని ఆయన చిన్నప్పటినుంచీ నమ్మిన మాట.

చేను గట్టు పక్కన, పొడుగునా, నాకోసం ఆయన కల్లం చేశాడు. చివర గుంట తవ్వి, అమరావతి దగ్గర కృష్ణ ఇసక ట్రాక్టర్లో తెప్పించి పోశాడు. రోజంతా చేలో పురుగుమందు కొట్టొచ్చి, మొహం కూడా కడుక్కోకుండా దాని మీద నీళ్ళు చిలకరించి దిమ్మిస పట్టుకునేవాడు. అమ్మ గొణిగేది, "కూతురి కోసం చేస్తున్నావా, కాయల కోసమా అయ్యా" అని. "కాయల కోసమైతే ఇంత చెయ్యను" అనేవాడు.

మొదటిసారి దాని మీద పరిగెత్తినప్పుడు కలిగిన సంతోషం దాచను. నేల నన్ను ఎగరేసినట్టుంది. ఆ ఏడే జిల్లాలో గెలిచాను, ఆపైన రాష్ట్రంలో గెలిచాను. పేపర్లో బొటనవేలంత ఫోటో వేస్తే దాన్ని నాన్న చొక్కా జేబులో పెట్టుకుని మిర్చి యార్డులో కనపడ్డవాడికల్లా చూపించాడు. "మా కల్లం మీద తయారైన పిల్లండీ" అనేవాడట. పతకం నాదే గానీ, సగం తనదన్నట్టు ఉండేవాడు. నిజంగానే సగం ఆయనది.

అప్పటికే ఎడమకాలి ముందు ఎముక మీద రూపాయి బిళ్ళంత చోట నొప్పి మొదలైంది. గెంతుతున్నప్పుడు ఉండేది కాదు, ఆగాక ఉండేది. తర్వాత గెంతుతున్నప్పుడు కూడా ఉండేది. అమ్మ ఉప్పు కాపడం పెట్టేది, నేను తగ్గిందని చెప్పేదాన్ని. జాతీయ పోటీలకి ఇంకో వారం ఉందనగా, మా కల్లం మీదే, రెండో అడుగు దగ్గర ఎముక విరిగింది. నాన్న చేలోంచి పరుగెత్తుకొచ్చి నన్ను చేతుల మీద ఎత్తుకున్నాడు. ఆయన చేతులకున్న మిరప ఘాటుకి నా కళ్ళు మండాయి. అందరూ నొప్పికి ఏడుస్తున్నాననుకున్నారు. రైలు తప్పిపోతుందని ఏడ్చాను నేను.

గుంటూరులో డాక్టరు గారి దగ్గర నాన్న ఎక్స్‌రే తేవడానికి బయటికెళ్ళినప్పుడు ఆయన నన్నడిగారు, ఎక్కడ గెంతుతావమ్మా అని. కల్లం సంగతి చెప్పాను. నొప్పి ఎప్పుడు మొదలైందో కూడా అడిగారు. "అంటే సిమెంటు మీద గెంతినట్టే కదమ్మా. ఇది ఇవాళ విరిగిన ఎముక కాదు. ఎన్నాళ్ళనుంచో కొంచెం కొంచెం విరుగుతోంది. ఇంక ఆ నేల మీద అడుగు పెట్టమాక" అన్నారు.

అంతలో నాన్న వచ్చాడు. ఎక్స్‌రేని తలకిందులుగా వెలుతురుకి పట్టి చూస్తున్నాడు, ఏదో అర్థమైనట్టు. "ఎందుకు విరిగిందండీ డాక్టరు గారూ?" అన్నాడు.

డాక్టరు నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను. "ఇసకలో అడ్డంగా పడ్డా నాన్నా."

డాక్టరు నా మొహం వంక చూసి, మందులు రాసిచ్చారు.

ఆ అబద్ధం ప్రేమతో చెప్పానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ప్రేమ ఉన్నమాట నిజమే. ఆయన చేతులు చేసిన పని ఆయన కూతురి కాలు విరగ్గొట్టిందని ఎలా చెప్పేది? కానీ అదొక్కటే కాదు. నన్ను గెలిపించింది ఆ నేలే. అది లేకపోతే గెలవలేనేమోనని భయం వేసింది. ఈ రెండోదాన్ని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నాన్న నా మాట నమ్మాడు. తప్పంతా ఇసకదేనని పాత ఇసక తోడిపోసి కొత్తది తెచ్చాడు. పనిలో పనిగా కల్లం మీద ఇంకో పొర వేశాడు. కాలికి పిండికట్టుతో నేను వసారాలో మంచం మీదుంటే, చేను వైపునుంచి దిమ్మిస చప్పుడు ధబ్బు ధబ్బుమని వినపడేది. నాన్న వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, "ఈసారి గోరు కాదమ్మా, మేకు కూడా దిగదు" అనేవాడు. నేను తలూపేదాన్ని. ఒక్క మాట చాలేది. నాలుగు నెలలు మంచంలో ఉండి ఆ ఒక్క మాట అనలేకపోయాను.

మిరప పండే రోజుల్లో మళ్ళీ దాని మీదికెక్కాను. నాన్న ఇసక గుంట దగ్గర పార పట్టుకుని నిలబడ్డాడు, నేను పడ్డాక చదును చెయ్యడానికి. నేను గుంట దాకా రాలేదు. ఎముక విరిగిన చప్పుడు ఆయనకూ వినపడింది.

ఈసారి కాలిలో రాడ్డు వేశారు. నడవొచ్చు, ఎగరకూడదు అన్నారు. పెళ్ళికి ముందే ఆట పోయిందని కొందరు సంతోషించారు, వాళ్ళ పేర్లు నాకిప్పటికీ గుర్తే. అమ్మ ఊరి కళ్ళు పడ్డాయని ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది. నాన్న "మన రాత" అన్నాడు. వాళ్ళని అలాగే అనుకోనిచ్చాను.

తర్వాత చదువుకుని సింగరాయకొండ వైపు ఒక బడిలో డ్రిల్లు టీచర్నయ్యాను. పిల్లల్ని గట్టినేల మీద గెంతనిచ్చేదాన్ని కాదు. గెంతితే కేకలేసేదాన్ని. చండశాసనురాలినని పేరొచ్చింది. ఇంటికొచ్చినప్పుడల్లా ఆ బాట కనపడేది. నాన్న దాన్ని దున్నలేదు. ఏటా దాని మీద కాయలు ఆరబోసేవాడు. ఊళ్ళోకెల్లా రంగున్న కాయ అదే. కొనడానికొచ్చినవాళ్ళు గుప్పిట్లోకి తీసుకుని మెచ్చుకుంటుంటే, "మా అమ్మాయి పరిగెత్తిన చోటండీ" అనేవాడు. నేను ఇంట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

అలా పదేళ్ళు గడిచాయి. ఒకసారి దసరా సెలవులకి వచ్చాను. పొద్దున్నే వసారాలో కాఫీ తాగుతుంటే చేను వైపునుంచి ధబ్బు ధబ్బుమని వినపడింది. గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళాను. నాన్న దిమ్మిస కొడుతున్నాడు. అరవై దాటిన మనిషి, దెబ్బదెబ్బకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. పక్కన మా అన్నయ్య కూతురు, పదేళ్ళది, స్కూలు బూట్లేసుకుని ఎడమకాలి మీద గెంతుతోంది.

"అత్తా, నేనూ నీలాగే జంపింగు" అంది.

"నీకంటే బాగా ఎగురుతుందే. దీనికి ఇంకా గట్టిగా చేసిపెడతా చూడు" అన్నాడు నాన్న.

నేను అరిచాను. మెల్లగా చెప్పాల్సిన మాట, పొలంలో పనిచేసేవాళ్ళు తలెత్తి చూసేంత గట్టిగా అరిచాను. నా కాలు విరిచింది ఇసక కాదు నాన్నా, ఈ నేల అన్నాను. డాక్టరు ఆ రోజే చెప్పాడన్నాను. పిల్లని దీని మీదనుంచి దించెయ్యమన్నాను.

నాన్న దిమ్మిస కింద పెట్టాడు. "మొదటిసారి విరిగినప్పుడే నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే మళ్ళీ ఎక్కావా?"

ఆయన నన్ను తిడితే బాగుండేది. పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాడు.

మర్నాడు పొద్దున్నే గడ్డపార తీసుకెళ్ళాడు. అన్నయ్య ట్రాక్టరు తెస్తానంటే, "నేను చేసింది నేనే తీస్తా" అన్నాడు. వేసిన ప్రతి పోటూ వెనక్కి తన్నేది. అంత బాగా చేశాడు ఆ నేలని. మూడో రోజు చూడలేక నేను పలుగు పట్టుకుని వెళితే లాక్కున్నాడు. "ఆ కాలితో ఇక్కడ నిలబడమాక. దుక్కిలోకి పో, అక్కడ మెత్తగా ఉంటుంది" అన్నాడు. వెళ్ళి నిలబడ్డాను, మాస్టారు నన్ను గెంతించిన చోటే.

తొమ్మిది రోజులు పట్టింది. చివరి పెళ్ళ చితక్కొట్టాక ఆయన వంగి, బొటనవేలి గోరు మట్టిలోకి గుచ్చాడు. వేలంతా దిగింది. అప్పుడు నా వైపు చూశాడు.

"ఇంత మెత్తగా ఉంటే చాలా, అమ్మాయ్?" అన్నాడు.

నేను చెప్పి ఉంటే, నా పదహారేళ్ళప్పుడే అడిగి ఉండే మాట అది. చాలు నాన్నా అన్నాను.