చలికి బిగిసిన గేరు

మా ఆయన బండికి గేరు కుడికాలి కింద ఉంటుంది. ఇప్పటి బండ్లకు ఎడమకాలి కింద కదా, పాతవాటికి అట్లా కాదు. ఆయనకు విరిగింది కూడా కుడికాలే. పోయిన వానాకాలం వికారాబాద్ కూరగాయల మార్కెట్లో తడి మీద జారి పడితే మోకాలి కింద ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఎముక అతికింది, నడవొచ్చు, బండి కూడా నడపొచ్చు అని డాక్టరు చెప్పాడు. మనిషి మాత్రం కుర్చీ వదల్లేదు. గడ్డం గీసుకోవడం మానేశాడు. బజారుకు పోయి రమ్మంటే కాలు గుంజుతుంది అనేవాడు. కసిరితే ఇంకొంచెం ముడుచుకునేవాడు. కసరడం తప్ప నాకూ వేరే విద్య రాదు.

తాండూరులో ఉన్న మా బిడ్డ ఇదంతా చూసి ఒక పని చేసింది. ఆయన తాండూరు పక్క బండల గనిలో పని చేసిన రోజుల్లో తిరిగిన మోటారు సైకిలు, ఆమె ఇంటి రేకుల షెడ్డులో గోనెసంచుల కింద ఏళ్ల తరబడి పడి ఉంది. నన్ను అడిగితే పాత ఇనుము వాడికి తూకానికి ఇచ్చేయమనేదాన్ని. అందుకే అడగలేదు. తెలిసిన మెకానిక్‌తో ఇంజను మొత్తం విప్పించి, అరిగినవి మార్పించి, రంగు వేయించి ట్రాలీ మీద పంపింది.

బండి దిగిన మర్నాడు ఆయన గడ్డం గీసుకున్నాడు. నేను చూశాను. స్నానానికి వేడినీళ్లు పెట్టాను.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాను. మా వాకిలి అంతా తాండూరు బండలు. గనిలో పని మానేసి వచ్చేటప్పుడు ఆయనే ఒక్కొక్కటి ఏరి తెచ్చి దగ్గరుండి పరిపించాడు. ఆ బండకు నూనె అంటితే లోపలికి తాగేస్తుంది, ఎంత తోమినా మరక పోదు. రోజూ పొద్దున నా చేత్తో కడుగుతాను, చెప్పులతో తొక్కనివ్వను. అందుకే అన్నాను.

"ఆయిలు కారిందంటే నీ బండి గేటు బయటనే. ఇప్పుడే చెప్తున్న."

"కారదు తియ్," అన్నాడాయన.

బండి మీద నన్ను ఎక్కించుకుని తాండూరుకు, బిడ్డ ఇంటికి పోవాలని ఆయన కోరిక. చెయ్యి తిరగాలని రోజూ పొద్దున్నే, రోడ్డు మీద లారీలు మొదలు కాకముందు ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. మొదట్లో ఉషారుగానే వచ్చాడు. తర్వాత తర్వాత మొహం వాడిపోయి వచ్చేవాడు. అడిగితే చెప్పడు. చివరికి ఒక పొద్దున నేనూ శాలువా కప్పుకుని వెనక కూర్చున్నాను.

మంచి చలి. మొదటి గేరు ఎట్లాగో పడింది. రెండోది పడలేదు. తొక్కాడు, మళ్లీ తొక్కాడు, పళ్లు బిగించి ఒళ్లంతా వంచి తొక్కాడు. అప్పుడు ధడేల్‌మని పడి బండి ఎగిరింది. నా నుదురు పోయి ఆయన వీపుకు తగిలింది. పాలకేంద్రం దాకా అదే తంతు. అక్కడ ఆపేశాడు.

"దిగు," అన్నాడు.

"ఏమైందయ్యా?"

"కాలు పని చేస్తలేదే. దీన్ల బలం లేదు. గేరు గూడ తొక్కరాని కాలు ఎందుకిగ?"

ఇంటికి బండిని తోసుకుంటూ వచ్చాం. టీ తాగుతూ నా వైపు చూడకుండా చెప్పాడు, తాండూరు మెకానిక్ దగ్గర ఎవరో ఈ బండి కావాలని అడిగి పోయారట, ఆదివారం వచ్చి తీసుకుపొమ్మంటానన్నాడు. బిడ్డ ఇంటికి బస్సులోనే పోదామన్నాడు.

బండి పోతే పోనీ. దాంతోపాటు ఆ రేజరు మళ్లీ అటక ఎక్కుతుంది. నా బాధ అది.

బిడ్డకు ఫోను చేశాను. ఆమె మెకానిక్‌ను అడిగి చెప్పింది, క్లచ్ వైరు వదులైతే కూడా గేరు బిగుస్తుంది, బిగించి చూడమను అని. ఆయన బిగించాడు. గేరు తొక్కే కడ్డీ కీలులో నూనె చుక్కలు వేశాడు. పొద్దున చూస్తే మళ్లీ అంతే.

"చెప్తి గదా," అన్నాడు. తన మాట నెగ్గినందుకు కూడా మొహంలో సంతోషం లేదు.

ఒకరోజు మధ్యాహ్నం నా బీపీ గోళీలు అయిపోతే మెడికల్ షాపుకు పంపాను. నడిచి పోలేనని బండి తీశాడు. వంటింట్లో రొట్టె కాలుస్తూ విన్నాను. పొద్దుట గర్రుమని గింజుకునే బండి, ఇప్పుడు టక్కున ఒకటి, టక్కున ఇంకొకటి. వచ్చాక అడిగాను.

"ఇప్పుడెట్ల పడ్డది?"

"ఇప్పుడు మంచిగనే పడ్డది. కాలు పొద్దుగాల మొద్దుబారి ఉంటది, ఎండెక్కినంక తేరుకుంటది."

నిజమే అనుకున్నాను. చలికి ఆయన కాలు బిగుసుకోవడం నేనూ చూస్తున్నదే, రాడ్డు ఉన్నచోట రోజూ కాపడం పెట్టేది నేనే.

మర్నాడు పొద్దున తల దువ్వుకుందామని కొబ్బరినూనె సీసా తీశాను. తెల్లగా గడ్డ కట్టి ఉంది. తలకిందులు చేసినా రాలేదు. ప్రతి చలికాలం చేసినట్టే ప్రహరీ మీద ఎండకు పెట్టాను. పెట్టిన చేయి అక్కడే ఆగింది. సీసాకు కాలు లేదు, రాడ్డు లేదు. అదీ పొద్దున బిగుస్తుంది, ఎండకు తేరుకుంటుంది.

"ఇటు రా," అని ఆయనను పిలిచాను. "క్లచ్ పట్టి బండిని జర ముందుకు ఎనుకకు కదుపు."

"ఏం చేస్తవే నువ్వు?"

"కదుపుమంటే కదుపు."

కింద గొంతుకూర్చుని గేరు కడ్డీని అరచేత్తో నొక్కాను. కదల్లేదు. రెండు చేతులూ వేసి ఒళ్లు బరువంతా మోపితే అప్పుడు పడింది. బండిని ఎండలోకి తోయించి, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మళ్లీ అదే పని చేయించాను. ఈసారి ఒక్క చేత్తో పడింది.

అరచేయి ఆయన మొహం ముందు పెట్టాను.

"గిది నా చెయ్యి. దీన్ల రాడ్డు లేదు. పొద్దుగాల దీనికి గూడ పడలే. మరి ఇది గూడ ఇరిగిందా?"

ఆయన నా అరచేయి వైపు, గేరు కడ్డీ వైపు చూశాడు.

"కాలు కాదయ్యా. గేరు డబ్బల ఏదో గడ్డ కడుతున్నది. ఏం పోసిండు మెకానిక్?"

"పల్చటి ఆయిలే పోసిండు," అన్నాడు. కాసేపు బండి అద్దం తుడిచాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "నేనే తీసేసిన."

"తీసి?"

"గ్రీజు కూరిన. పాత బండి గదా, ఆయిలు చుక్క చుక్క కారుతుండె. నీ బండలు ఖరాబైతయని."

నేను పొద్దున కడిగిన బండల వైపు చూశాను.

"నాకు చెప్తే ఏమాయె?"

"చెప్తే బండి గేటు బయటనే అంటివి. బయట మంచుల తడవదా?"

"గ్రీజు పెట్టింది యాది లేక కాలు పోయిందని కూసుంటివా?"

"గనిల ఉన్నప్పుడు గట్లనే పెడ్తుంటి గదనే. ఎన్నడు గట్టిపడలే."

"ఆడ ఎండకు కాగిన బండల నడుమ పగలంత తిరుగుతుంటివి. ఇది మన వికారాబాద్, అనంతగిరి గుట్టల చలి. పొద్దు ఎక్కకముందే పోతివి."

ఆయన తన కాలి వైపు చూసుకున్నాడు. మడమ ఎత్తి దించాడు. మళ్లీ ఎత్తాడు. నేను చూడనట్టు లోపలికి పోయి పాత గుడ్డలు తెచ్చాను.

బండిని కొంతసేపు నడిపించి వేడి చేసి, గేటు బయట డబ్బా పెట్టి కింది బిరడా విప్పాడు. చల్లారిన అంబలిలాగా జారింది గ్రీజు. డీజిలు పోసి లోపలంతా కడిగాడు. మెకానిక్ చెప్పిన ఆయిలు తానే పోయి కొనుక్కొచ్చి పోశాడు. సాయంత్రం బండిని వాకిట్లోకి తెచ్చి నిలబెట్టి ఇద్దరం చూస్తున్నాం. చాలాసేపటికి ఒక చుక్క బండ మీద పడింది. ఆయన గబుక్కున గుడ్డ కోసం వంగాడు.

"ఉండు," అన్నాను.

వంటింట్లో అంచు వంగిన సత్తు పళ్లెం ఒకటి ఉంది. పారేయమని బిడ్డ ఎన్నిసార్లు చెప్పినా పారేయలేదు. తెచ్చి బండి కింద తోశాను.

ఆదివారం బండి కోసం ఎవరూ రాలేదు. రావొద్దని ఆయనే ఫోను చేశాడు. పొద్దున్నే, చలి తగ్గక ముందే, ఇద్దరం తాండూరుకు బయలుదేరాం. ఎండెక్కినాక పోదాం అని నేను అనలేదు, ఆయనా అనలేదు. మొదటి గేరు పడింది. రెండోది ఎప్పుడు పడిందో నాకు తెలియనే లేదు. నా నుదురు ఎక్కడా తగల్లేదు. పాలకేంద్రం దాటినాక మాత్రం నేనే ఆనించాను, కాసేపు. చలి గాలి అని.

తోవలో కోసిన కంది కట్టలు పొలాల్లో ఆరుతున్నాయి. తాండూరు దగ్గరపడి రోడ్డు పక్కన బండల దొంతరలు మొదలయ్యాక ఆయన మాటలు మొదలయ్యాయి. ఏ గనిలో బండ ఎట్లా పగిలేదో మళ్లీ చెప్పాడు. విన్నవే. మళ్లీ విన్నాను.

బిడ్డ గేటు తీసి ముందు తండ్రి చెంప నిమిరి చూసింది.

"గేరు ఎట్లుంది నాయినా?"

"మీ అమ్మకు భయపడి పడుతున్నది," అన్నాడు.

బిడ్డ వంగి బండి కింద చూసి నవ్వింది. "అమ్మా, మా ఇంట్ల గూడ బండలే. గీ కారుడు ఎట్ల?"

నా సంచిలోంచి పేపరులో చుట్టిన సత్తు పళ్లెం తీసి ఆమె చేతికిచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు అందులో చేరిన ఆయిలును చిన్న సీసాలో పోసుకుని తెచ్చుకున్నాను కూడా, గేటు కీళ్లకు పనికొస్తుందని.

పళ్లెం పెట్టకముందు పడిన ఆ మొదటి చుక్క మా వాకిట్లో మరకై ఉండిపోయింది. రోజూ బండలు కడుగుతాను. దాని మీద నీళ్లు పోస్తాను, తోమను.