పట్టుకు పనికొచ్చే చేతులు

అరచేతిలో కర్పూరం వెలిగించుకొని చెప్తున్నాను, ఈ కింద రాసేదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. నా సంగతి తెలిసినోళ్లు నవ్వుతారు. బుక్కరాయసముద్రం చెరువులో ఒక చేప నన్ను పేరు పెట్టి పిలిచిందని ఊరంతా నమ్మించినోణ్ణి నేనే మరి. అది వేరే సంగతి. ఇది మా అమ్మ సంగతి.

మా జిల్లాలో గంజి కేంద్రాలు పెట్టిన కరువు అది. మా పల్లె కదిరి దిక్కున ఉండేది. విత్తనానికి దాచిన చెనక్కాయలు కూడా ఒలుచుకొని తినేసినాము. ఎద్దులనన్నా బతికించుకుందామని నాయన వాటిని తోలుకొని, మేత కోసం బళ్లారి దిక్కు పోయినాడు. ఇంట్లో అమ్మా నేనూ మిగిలినాము. నాకప్పుడు మీసాలు వచ్చి, గడ్డం మాత్రం రావాలా వద్దా అని ఆలోచన చేస్తున్న వయసు. పొద్దున లేస్తే ఇద్దరమూ కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొట్టేవాళ్లము. వచ్చి గంజి తాగేవాళ్లము.

"ఈ మన్నును నమ్ముకుంటే నువ్వు గూడా మీ నాయన మాదిరి ఎద్దుల తోకలు పట్టుకొని ఊర్లు తిరగాల్సిందే. ఏదన్నా చేతిపని నేర్చుకో పో," అనింది అమ్మ.

పోయినాను. కదిరిలో సైకిల్ షాపాయన నన్ను కిందికీ మీదికీ చూసి, "ఏమప్పా, సైకిల్ ఎప్పుడన్నా ఎక్కినావా?" అన్నాడు.

"లేదన్నా."

"ఎక్కనిదాన్ని ఎట్ల బాగు చేస్తావు?"

"మా బర్రె కాలు ఇరిగితే కట్టు కట్టి నడిపించినా. దాన్ని గూడా ఎక్కలేదన్నా."

పంపు తీసుకొని తరిమినాడు. అనంతపురంలో ఒక టైలర్ సూదిలో దారం ఎక్కించమన్నాడు. నా బొటనవేలికి తగిలి సూది వంగిపోయింది. ఒట్టు. కంకర కొట్టీ కొట్టీ నా చేతులు అట్లయినాయి. రాళ్ల కుప్పలో ఒకసారి తేలు నా అరచేతిలో కుట్టింది. కొండి దిగలేదు. పాపం, అది సిగ్గుపడి రాళ్ల కిందికి పోయి మళ్లీ బయటికి రాలేదు.

ఆఖరికి అమ్మకు ధర్మవరం గుర్తొచ్చింది. ఆమె పుట్టినూరి మనిషి ఒకాయన ఆడ పట్టుచీరలు నేసేవాడు. అమ్మను అక్కా అని పిలిచేవాడు, కాబట్టి నాకు మామ. పెద్ద అంచు చీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాల. అడ్డపోగును మోసుకుపోయే నాడెను రెండో పక్క నుంచి విసరడానికి ఆయనకు ఒక మనిషి కావాల్సి ఉండింది.

మామ నా చదువు అడగలేదు. "చెయ్యి చాపు" అన్నాడు. ఒక పట్టుపోగు తెచ్చి నా అరచేతి మీద వేసి మెల్లగా లాగినాడు. కొంచెం దూరం పోయి తగులుకుంది. ఇంకోసారి లాగినాడు. తెగింది.

"చూస్తివా అల్లుడా? మగ్గం ఇంట్లో పుట్టినోనికి చేతులు ముందే తయారుగా ఉంటాయి. నీ చెయ్యి చీర మీద పడితే పిల్లి గోకినట్టే. పోగు తగులుకోకుండా జారిపోయిన దినం రా, పని నేర్పిస్తా. ఉగాది దాకా చూస్తా. ఆ పైన ఇంకొకన్ని పెట్టుకుంటా. ఏమనుకోవద్దు."

ఇంటికొచ్చి చెప్పినాను. అమ్మ నా చేతులు పట్టుకొని చాలాసేపు చూసింది. ఆ దినం నుంచి నన్ను సుత్తి ముట్టనియ్యలేదు. బావి తాడు ముట్టనియ్యలేదు. కట్టెలు గూడా ఏరనియ్యలేదు. నా వంతు కంకర కూడా తనే కొట్టింది. ఇంట్లో దీపం మానేసినాము, కూరలో తిరగవాత మానేసినాము. ఉండే కాస్త ఆముదమూ నా చేతులకే పోయింది. నేను అరచేతులు ఒళ్లో పెట్టుకొని అరుగు మీద కూర్చునేవాణ్ణి. పనికి పోయే ఆడోళ్లు నిలబడి మరీ ఆడిపోసుకునేవాళ్లు.

"ఏమప్పా, గోరింటాకు ఎప్పుడు పెట్టమంటావు?"

"మొగుడు యా ఊరోడు, పెండ్లికూతురా?"

నేను తల వంచుకుంటే అమ్మ ఊరుకునేది కాదు. "మీ కండ్లు మీ కంకర మీద పెట్టుకోండి. అవి పట్టు ముట్టే చేతులు" అనేది. ఆ మాట అనేటప్పుడు సుత్తిని ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకునేది.

చేతులు మెత్తబడినాయో లేదో చూసుకోవాలంటే మా ఇంట్లో పట్టు యాడిది? అమ్మ తన తలెంట్రుక ఒకటి పీకి, నా అరచేతి మీద వేసి లాగేది. తగులుకుంటే "ఇంగా ఉండాది లే" అనేది. రోజూ పీకేది. ఉగాది దగ్గర పడింది. ఒక పొద్దు ఆ ఎంట్రుక నా చేతి మీద నీళ్లలో పాము మాదిరి జారిపోయింది. అమ్మ అరిచినంత పని చేసింది. నా చేతిలో జారిన ఎంట్రుక ఆమె వేళ్ల పగుళ్లలో ఇరుక్కుంది. దాన్ని విదిలించుకుంటా, విదిలించుకుంటా నవ్వింది.

బయల్దేరే దినం, దారిలో చేతులు ఎండిపోతాయేమోనని, మిగిలిన ఆముదమంతా మోచేతుల దాకా పూసి పంపించింది. పట్టు ఇండ్లల్లో నూనె చేత్తో గడప కూడా తొక్కరని మాకేం తెలుసు? మామ నన్ను చూసి ఎగిరి పడినాడు.

"ఓరి నీ పాసుగాల! ఆముదంలో మునిగి వస్తివేమిరా! ఒక్క చుక్క పడితే చీర పాయె!"

శనగపిండి తెప్పించి పెరట్లో నా చేతులు రుద్దించినాడు. తినడానికి దొరకని పిండి అది. మట్టిలో కలుస్తుంటే నా కడుపు దాని వెనకాలే పోయింది. తర్వాత పోగు వేసి లాగినాడు. జారింది. "కూర్చో" అన్నాడు.

మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. నేర్చుకున్నాను. నా చెయ్యి పడిన మొదటి చీర, వంకాయ రంగుకు ఎర్రంచు, సగం అయినప్పుడు అమ్మ చూడటానికి వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకొని, దూరంగా నిలబడింది. "ముట్టుకో అక్కా, నీ కొడుకు నేసింది" అన్నాడు మామ. "వద్దప్పా, నా చెయ్యి తగులుకుంటాది" అనింది. మేము మళ్లీ మళ్లీ అంటే, అరచెయ్యి తిరగేసి, చేతి వెనక వైపుతో ఒక్కసారి అంచు మీద రాసింది. పోగు తగులుకోలేదు. "మెత్తగా ఉండాది" అనింది.

కర్పూరం ఆరిపోయింది. ఇప్పుడు ఒప్పుకుంటాను. తేలు దగ్గర నన్ను పట్టేసినామని మీరు అనుకొని ఉంటారు. తేలు నిజం. సూది వంగిందీ నిజమే. అమ్మ ధర్మవరం వచ్చిందన్నదే అబద్ధం.

వచ్చింది నాయన. ఎద్దులు లేవు, ఒక్కడే. గడప బయటనే నిలబడినాడు. "మీ అమ్మ కంకర కుప్ప మీదనే ఒరిగిపోయిందంట్రా. నేను వచ్చేసరికే మన్నులో పెట్టేసినారు" అన్నాడు. మామ నా ముఖం చూసి, ముందు చీర మీద గుడ్డ కప్పినాడు. కన్నీళ్లు పడితే పట్టు మీద మరక పోదు. గుడ్డ కప్పినాక నన్ను పట్టుకున్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. నేనైనా అట్లనే చేసేవాణ్ణి, అప్పటికే పని నేర్చుకున్నాను కదా.

ఆ చీర ఎవరు కట్టుకున్నారో తెలియదు.

అమ్మ చెయ్యి తిరగేసి ముట్టుకోవడం మాత్రం నేను కల్పించింది కాదు. ఆముదం పూసి నన్ను పంపించిన పొద్దు, గీసుకుంటుందేమోనని అరచెయ్యి తిరగేసి, చేతి వెనక వైపుతో నా చెంప మీద రాసింది. "మెత్తగా ఉండాది" అనింది. నేను ఆ చెంపను తీసేసి, ఆ చోట చీరను పెట్టినాను. నేను చేసిన కల్పన అంతే.