ఫిరంగీ పిడుగూ ఒకరేనని తేల్చిన ఆదివారం

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో మేము ఎల్‌బీ నగర్‌లో ఒక ఇంటి పై వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. మాది నల్లగొండ జిల్లా. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసేదాన్ని. పొద్దంతా రక్తాలు తీయడం, సాయంత్రం బస్సులో నిలబడి ఇంటికి రావడం, వంట. మా ఆయనకు షిఫ్టు డ్యూటీలు. కింది వాటాలో తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన ఒక ఆంటీ, అంకుల్ ఉండేవారు. అంకుల్ రిటైరైనప్పటి నుంచి ఎక్కువగా నిద్రపోయేవారు. ఆంటీ మాత్రం ఎప్పుడు చూసినా ఏదో ఒకటి చేస్తూ కనిపించేది.

ఆమెకూ నాకూ మంచి సఖ్యత. ఆమె పండుమిరపకాయ పచ్చడి పైకి పంపేది, నేను సకినాలు కిందికి పంపేదాన్ని. ఇంటర్నెట్ కనెక్షన్ కూడా ఒకటే. అంకుల్ పేరు మీద ఉన్న కనెక్షన్ నుంచి ఒక వైరు కిటికీలోంచి మా ఇంట్లోకి లాక్కున్నాం. రాష్ట్రం సంగతి మాత్రం మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. టీవీలో ధర్నా కనిపిస్తే ఆంటీ చానల్ మార్చేది. నేను వంకాయల ధర గురించి మాట్లాడేదాన్ని.

నా మాటలన్నీ ఇంకోచోట ఖర్చయ్యేవి. అప్పట్లో తెలుగువాళ్ళు తీరిగ్గా తిట్టుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక ఉండేది. సినిమాలు, రాజకీయాలు, సైన్సు అని అందులో మూడు గదులు. గదులు మూడున్నా అందరూ అన్ని గదుల్లోనూ అన్నీ మాట్లాడేవారు. ఆడపేరుతో వెళ్తే వాదనకు బదులు పెళ్ళయిందా అని అడుగుతారని నేను 'ఫిరంగి' అని పెట్టుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ళం. 'నేను చెప్పిన', 'నేను అన్న' అని రాస్తే రాసింది ఆడో మగో తెలియని సౌకర్యం మన భాషలో ఉంది కాబట్టి నా గుట్టు బయటపడలేదు.

అక్కడ నా ఆగర్భ శత్రువు 'పిడుగు'. పిడుగు సమైక్యవాది. పైగా ఒక హీరోకి వీరాభిమాని. ఆ హీరో ఒక్క చేత్తో జీపును ఆపడం గురించి నేను ఎగతాళి చేస్తే, బూటు అడుగు మంచిదై, రోడ్డు గరుగ్గా ఉంటే అది సాధ్యమేనని పిడుగు లెక్కలు వేసి చూపించాడు. అప్పట్లో 'చూపించాడు' అనే అనుకునేదాన్ని. ఇక సైన్సు గదిలో, ఎండాకాలం ఫ్రిజ్ తలుపు తీసిపెడితే గది చల్లబడుతుందా అని ఎవరో అడిగారు. చల్లబడదు, వెనకనుంచి వచ్చే వేడి వల్ల ఇంకా ఉడుకుతుంది అని నేను రాశాను. "చెయ్యి పెట్టి చూడవయ్యా, చల్లగా తగులుతుందా లేదా?" అని పిడుగు రాశాడు. ఆ చర్చ నెలల తరబడి నడిచింది. ఒకరోజు నాకు కోపమొచ్చి, "ఫ్రిజ్ లోపలి సల్లదనం మీకు, ఎనుక ఏడి మాకు. మొదటి సంది గిదే కత" అని రాశాను. దానికి వచ్చినన్ని మెచ్చుకోళ్ళు నాకు పెళ్ళిలో కూడా రాలేదు. పిడుగు నా బుర్రలో బత్తాయి తొక్కలున్నాయన్నాడు. నేను వాడి మెదడు మోకాల్లో ఉందన్నాను.

ఒక సాయంత్రం వేదిక తెరిస్తే పైన ఎర్ర అక్షరాల్లో నోటీసు ఉంది. ఫిరంగి, పిడుగు ఒకే కనెక్షన్ నుంచి వస్తున్నారని తేలిందట. ఇన్నాళ్ళూ ఒకే మనిషి రెండు పేర్లు పెట్టుకుని తనతో తానే పోట్లాడుతూ సభ్యులందరినీ మోసం చేశాడట. రెండు పేర్లనూ నిషేధించారు. మరి ఒకడు తెలంగాణ భాష, ఇంకొకడు కోస్తా భాష రాశారు కదా అని ఒకాయన అడిగితే, అదే వాడి తెలివి అని మోడరేటర్ జవాబిచ్చాడు.

నేను కిటికీలోంచి వెళ్తున్న వైరు వంక కాసేపు చూశాను. అది కిందికే పోతుంది, ఇంకెక్కడికీ పోదు. అంటే పిడుగు అంకుల్ అన్నమాట. నిద్రపోతున్నట్టు కనిపించి ఇంత పని చేస్తున్నాడా అనుకుంటూ కిందికి దిగాను.

"అంకుల్ లేరా ఆంటీ?"

"పడుకున్నారమ్మా. ఏం కావాలి?"

ఆంటీ కంప్యూటర్ ముందు కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ముక్కు మీద కళ్ళజోడు. తెర మీద అవే ఎర్ర అక్షరాలు.

"చూడమ్మా, ఎవడో నన్ను వెలేశాడు" అంది. "నేనూ, ఆ ఫిరంగి వెధవా ఒకటేనట."

"ఫిరంగి నేనే ఆంటీ."

ఆంటీ చిక్కుడుకాయ గిన్నెలో వేసి నా వైపు తిరిగింది. "నా మెదడు మోకాల్లో ఉందన్నది నువ్వా?"

"మీరు నా బుర్రల బత్తాయి తొక్కలున్నయన్నరు గద."

"నువ్వని తెలుసా ఏంటి నాకు? ఎవడో మీసాలవాడు అనుకున్నాను."

"నేను గూడ గట్లనే అనుకున్న."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చిక్కుడుకాయలు తీసుకుని వలవడం మొదలుపెట్టాను. నెమ్మదిగా నాకు అర్థమైంది ఏమిటంటే, మా ఇద్దరికీ తిట్టుకున్నందుకు అంత బాధ లేదు. ఇద్దరినీ ఒకటే అన్నందుకు ఒళ్ళు మండుతోంది.

"నీ మాటలకీ నా మాటలకీ పోలికేంటమ్మా అసలు?" అంది ఆంటీ.

"గదే గద ఆంటీ."

మర్నాడు మా ల్యాబ్ పక్కనున్న నెట్ సెంటర్ నుంచి మోడరేటర్‌కి మొర పెట్టుకున్నాను. మేమిద్దరం వేరువేరు మనుషులం, కావాలంటే వచ్చి కనిపిస్తాం అని. ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గరి ఇరానీ హోటల్లో సభ్యులు కలుస్తున్నారని, ఇద్దరూ విడివిడిగా వచ్చి రుజువు చేసుకోవాలని జవాబొచ్చింది. విడివిడిగా వస్తేనే ఇద్దరని ఎట్ల నమ్ముతరో నాకు అర్థం కాలేదు గానీ సరేనన్నాను.

శనివారం టీవీలో ఆదివారం బంద్ అని వచ్చింది. బస్సులు లేవు, ఆటోలు లేవు. ఆంటీ పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, కాళ్ళకు షూస్ వేసుకుని గేటు దగ్గర నిలబడింది.

"నడుద్దాం. ఎంత దూరమని" అంది.

"విడివిడిగ రమ్మన్నడు గద ఆంటీ."

"నువ్వు ఆ పక్క నడువు, నేను ఈ పక్క నడుస్తాను."

చౌరస్తా దాకా అట్లాగే రోడ్డుకు చెరోవైపు నడిచాం. తర్వాత ఆమెకే తోచక నా వైపు వచ్చేసింది. కొత్తపేట దగ్గరికి వచ్చేసరికి రోడ్డంతా మనుషులు. ఫ్రూట్ మార్కెట్‌కు వచ్చిన బత్తాయి లారీలు వరసగా ఆగిపోయి ఉన్నాయి. నడిరోడ్డు మీద ఇటుకలతో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒక పెద్ద గుండిగలో పప్పుచారు కుతకుతమంటోంది. మేము పక్కనుంచి తప్పుకుని పోబోతుంటే మెడలో గులాబీ కండువా వేసుకున్న ఒక పెద్దమ్మ అడ్డం వచ్చింది.

"తినకుంట ఎటు పోతరు? కూసోండ్రి."

ఆంటీ కూర్చుంది. కూర్చోక తప్పని పిలుపు అది. విస్తరిలో అన్నం పెట్టి పప్పుచారు పోశారు. ఆంటీ ఒక ముద్ద తిని, గుండిగ వైపు చూసి, "ఉప్పు తక్కువైందండీ, చింతపండు కూడా పట్టలేదు" అంది. ఆ 'అండీ'కి చుట్టుపక్కల నాలుగు తలలు మా వైపు తిరిగాయి.

"ఏ ఊరమ్మా మీది?" పెద్దమ్మ అడిగింది.

నేను ఏదో ఒకటి చెప్దామని నోరు తెరిచేలోపు ఆంటీ "తెనాలి" అంది.

పెద్దమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది.

"అయితే జర నువ్వే సూడు. మావోనికి అందాజ తెల్వది" అని గరిటె ఆమె చేతికిచ్చింది.

అట్లా సమైక్యవాది పిడుగు కొంగు దోపుకుని, నడిరోడ్డు మీద తెలంగాణ కోసం పప్పుచారు కలిపింది. ఉప్పు వేసింది, కరివేపాకు అడిగి తెప్పించింది, మంట తగ్గించమని ఇద్దరు యువకులను కసిరింది. ఇక పోదాం ఆంటీ అని నేను రెండుసార్లు లాగితే గానీ కదల్లేదు. "తాలింపు మాడ్చకండి" అని వెనక్కి తిరిగి చెప్తూ నడిచింది.

హోటల్ షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి పోయాం. మూల టేబుల్ దగ్గర ముగ్గురు మగవాళ్ళు చాయ్ తాగుతున్నారు. ఒకాయన ఒళ్ళో బ్యాగు పెట్టుకున్నాడు. ఇంకొకాయనకు గడ్డం, మూడో ఆయనకు మందపాటి కళ్ళద్దాలు. మేము వెళ్ళి ఎదురుగా కూర్చోబోతే బ్యాగు ఆయన, "అమ్మా, జర అటు కూసోండి. మా వాళ్ళు వచ్చేదుంది" అన్నాడు. ఆయనే మోడరేటర్.

"నేను ఫిరంగి. ఈమె పిడుగు" అన్నాను.

ముగ్గురూ కప్పులు కింద పెట్టారు. గడ్డం ఆయన షట్టర్ వైపు తొంగి చూశాడు, ఇంకెవరైనా వస్తున్నారేమోనని.

"వాడు రాలేదా?" అన్నాడు మోడరేటర్.

"ఎవడు?"

"రాసేటోడు. భార్యను, అత్తను పంపి తాను రాకపోతే ఎట్ల మేడం?"

ఆంటీ పళ్ళు కొరికింది. "పరీక్ష పెట్టుకో నాయనా" అంది.

పెట్టారు. పాత పోస్టుల్లోంచి ప్రశ్నలు. జీపు ఆపడం గురించి పిడుగు ఏ లెక్క వేశాడని అడిగితే ఆంటీకంటే ముందు నేనే చెప్పేశాను. నెలల తరబడి వాటిని ఖండించిన మనిషిని, ప్రతి మాటా నోటికొచ్చు. పోయిన ఎన్నికల గురించి ఫిరంగి ఏమన్నాడని అడిగితే ఆంటీ నా వాక్యం పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆమెకు అది గుర్తున్నందుకు నాకు లోపల్లోపల సంతోషం వేసింది. మోడరేటర్ మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"చూసిండ్రా, ఇద్దరికీ ఇద్దరి మాటలు తెలుసు. అంటే రాసింది ఒక్కరే."

"సరే, ఇప్పుడు మా ముందల కొట్లాడండి" అన్నాడు గడ్డం ఆయన. "ఫ్రిజ్ మీద."

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పొద్దుటి నుంచి కలిసి నడిచాం. ఆమె కాలికి షూ కరిస్తే నా రుమాలు కట్టాను.

"ఆంటీ, మీరు చెప్పింది కొంచెం తప్పేమో అనిపిస్తది" అన్నాను.

"అయ్యుండొచ్చమ్మా" అంది ఆంటీ.

"ఇదేం కొట్లాట?" అన్నాడు గడ్డం ఆయన విసుగ్గా.

అంతవరకూ నోరు విప్పని కళ్ళద్దాల ఆయన, "అయినా ఆమె చెప్పింది తప్పెందుకవుతుందండీ, చల్లబడుతుంది కదా" అన్నాడు. గడ్డం ఆయన ఎట్ల సల్లబడుతది అన్నాడు. మాటా మాటా పెరిగింది. కళ్ళద్దాల ఆయన లేచి వెళ్ళి హోటల్ వాళ్ళ కూల్‌డ్రింకుల ఫ్రిజ్ తలుపు బార్లా తీసి దాని ముందు నిలబడ్డాడు. గడ్డం ఆయన ఫ్రిజ్ వెనక సందులో చేయి పెట్టి, ఇక్కడికి వచ్చి చూడు అని పిలిచాడు. గల్లా దగ్గర ఉన్న ముసలాయన, "అరే మియా, పాగల్ హై క్యా, తలుపు బంద్ కరో" అని పరేషాన్ అయిపోతున్నాడు. మోడరేటర్ ఆయనకు సర్దిచెప్పడానికి వెళ్ళి అక్కడే వాదనలో ఇరుక్కున్నాడు. నేనూ ఆంటీ రెండు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు చెప్పుకుని తిన్నాం.

చివరికి ముగ్గురూ వచ్చి కూర్చుని ఓట్లు వేశారు. కళ్ళద్దాల ఆయన ఒక్కడే మేము ఇద్దరమని ఒప్పుకున్నాడు. మిగిలిన ఇద్దరూ ఒకరేనన్నారు. రెండింటికి ఒకటి. నిషేధం ఎత్తేస్తాం గానీ ఒక్క పేరే వాడాలని మోడరేటర్ తీర్పు చెప్పాడు. కొత్త పేరు ఆయనే పెట్టాడు, 'ఫిరంగిపిడుగు' అని.

నేను వద్దందామనుకున్నాను. ఆంటీ బల్ల కింద నా చేయి నొక్కి, "సర్లే బాబూ" అంది. ఇంటికి నడుస్తూ ఎందుకు ఒప్పుకున్నారని అడిగితే, "మధ్యాహ్నాలు తోచదమ్మా నాకు" అంది.

అప్పటి నుంచి పగలు ఆమె, సాయంత్రం నేను రాసేవాళ్ళం. పగలు ఫిరంగిపిడుగు రాష్ట్రం కలిసుండాలనేవాడు, దీపాలు పెట్టే వేళకు విడిపోవాలనేవాడు. పగలు ఆ హీరో దేవుడు, సాయంత్రం జోకర్. జనం తిట్టిపోస్తారనుకున్నాం. అట్లా జరగలేదు. "రెండు వైపులా ఆలోచించే మనిషి మనలో ఈయనొక్కడే" అని ఎవరో రాశారు. తగాదాలు తీర్చమని మా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టాడా లేదా అని కొట్లాడుకున్న ఇద్దరు బావాబావమరుదులు మా తీర్పుకు కట్టుబడతామన్నారు. పెట్టాడని నేను, అంత ఖర్చు పెట్టి వెళ్ళి ఏం తెచ్చారని ఆంటీ రాశాం. వాళ్ళిద్దరూ తృప్తిపడ్డారు.

పార్లమెంటులో బిల్లు పాసైన రోజు మా వీధంతా టపాసులు. నేను లడ్డూల డబ్బా పట్టుకుని కిందికి దిగాను, మెట్ల మీద సగంలో ఆగాను. ఆమె ఇంట్లో టీవీ ఆపేసి ఉంది. తలుపు తీసే ఉంది.

"రా, తే" అంది ఆంటీ. ఒకటి తీసుకుని సగం తిని, మిగతా సగం చేతిలో పట్టుకుని కూర్చుంది. "తియ్యగానే ఉంది. నాకు మింగుడు పడట్లేదంతే."

నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమే కంప్యూటర్ ముందు కుర్చీ నాకు జరిపి, ఇంకో కుర్చీ తెచ్చుకుంది. ఆ పోస్టు మాత్రం ఇద్దరం కలిసి రాశాం. ఇవాళ నాకు చాలా సంతోషంగా ఉంది అని నేను రాశాను. ఇవాళ నాకు ఏడుపొస్తోంది అని ఆమె రాసింది. అంతకుమించి ఏమీ లేదు.

ఒక ఖాతాను ఇద్దరు మనుషులు వాడుతున్నారని స్పష్టంగా తెలుస్తోందంటూ మోడరేటర్ మర్నాడు మమ్మల్ని శాశ్వతంగా నిషేధించాడు.

ఆంటీ చాలాసేపు నవ్వింది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇక కొట్లాడటానికి చోటు లేక, సాయంత్రాలు నేను రక్తపు వాసన కడుక్కుని కిందికి దిగేదాన్ని. ముఖాముఖి వాదించడం మొదట్లో చేతకాలేదు. నేను 'మీరన్నది తప్పు' అనేదాన్ని, ఆమె టీ పెట్టడానికి లేచేది. కొన్నాళ్ళకు అలవాటైంది. ఒకరోజు ఆమె హీరో కొత్త సినిమా మీద మా మాటలు ఎంత దూరం పోయాయంటే, లోపలి గదిలో అంకుల్ లేచి వచ్చి, ఏమైందే, ఎవరు కొట్టుకుంటున్నారు అని అడిగారు.

"మీరు పడుకోండి. మేమే" అంది ఆంటీ.